మందు పెట్టారు

“చావబోయే మనిషి అబద్ధమాడడు కనకలక్ష్మి గారూ. ‘మందు పెట్టారు’ అన్నాడు, ప్రాణం వదిలాడు. ఇంక నేను వెతకాల్సిందేముంది? మీరొచ్చి వెతికిపెట్టేదేముంది?”

నల్లమెట్ల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జానకిరామయ్య కుర్చీలో వెనక్కి వాలి టీ గ్లాసులో బిస్కెట్టు ముంచుకున్నాడు. అది సగానికి విరిగి గ్లాసులో పడింది. వేలు పెట్టి తియ్యబోయి, ఎదురుగా ఆడమనిషి ఉందని గుర్తొచ్చి మానుకున్నాడు.

కనకలక్ష్మికి నవ్వు రాలేదు. గుంటూరులో డిటెక్టివ్‌నని బోర్డు కట్టినప్పటినుంచి పోలీసు స్టేషన్లలో ఆమెకి కుర్చీ వెయ్యనివాళ్లే ఎక్కువ. ఈయన వేశాడు, అంతవరకు మేలు.

“శేషాచలం గారు నాకు తెలిసిన మనిషండి. మా పై వాటాలో అద్దెకుండేవారు. మా పాప పుట్టినప్పుడు ఉయ్యాల కట్టింది ఆయనే. కట్టేముందు తాడు పట్టుకుని తానే వేలాడి చూశారు, దూలం ఆగుతుందో లేదోనని. అందరం నవ్వాం.”

 కనకలక్ష్మి ఏడవడానికి రాలేదు. శేషాచలం అక్కగారు జ్ఞానప్రసూనాంబ నిన్న తెల్లారకముందే వచ్చి తలుపు కొట్టి, “మా తమ్ముడిది ఏం చావో చెప్పు, చాలు” అని గడపమీదే కూలబడింది. అందుకు వచ్చింది.

సంగతి ఇదీ. నల్లమెట్ల మెరక మీద అణు విద్యుత్ కేంద్రం కడతామని రెండేళ్లుగా సర్వే జరుగుతోంది. నేల గట్టిదో కాదో చెప్పడానికి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త శేషాచలం. కేంద్రం లేవాల్సిన చోటికి ఆనుకుని ఆయన పొడవాటి కందకం తవ్వించాడు. దాని గోడలో, భూమి ఒకప్పుడు చీలి జరిగిన గుర్తు కనిపించింది. ఇలాంటి చోట అణుకేంద్రం పెట్టడం పసిపిల్లలున్న ఇంటికి నిప్పు పెట్టడమేనని పైవాళ్లకి రాశాడు. వచ్చే సోమవారం ఢిల్లీనుంచి కమిటీ వచ్చి ఆ గోడని కళ్లారా చూడాలి. మొన్న గురువారం, శివరాత్రి నాడు, మధ్యాహ్నం ఆ గోడ కూలింది. శేషాచలం దానికింద ఉన్నాడు. కమిటీ రావడం లేదని నిన్న సాయంత్రం ఫోనొచ్చింది.

“మీ కథ చెప్పండి, వింటాను” అంది కనకలక్ష్మి.

“కథేముంది? వంటమనిషి రహిమున్నీసా. సారుని గుప్పిట్లో పెట్టుకోవాలని ఏదో నాటుమందు కలిపింది, వికటించింది. కందకంలో కళ్లు తిరిగి, గోడకి ఆనించిన గుంజని పట్టుకుని పడ్డాడు. గుంజ ఊడింది, గోడ కూలింది. వాచ్‌మన్ బుడే పరిగెత్తుకెళ్లేసరికి నడుం దాకా మట్టిలో ఉన్నాడు. ‘మందు పెట్టారు’ అన్నాడు, పోయాడు. దాని మొగుడు, క్వారీలో పనిచేసే ఖాజావలి, పరువుపోయిందని ఆ రోజునుంచే పత్తా లేడు. ఊరంతా ఇదే అనుకుంటోంది.”

“ఊరు అనుకోవడం మొదలెట్టింది మీరామెని జీపెక్కించక ముందా, తరవాతా?”

జానకిరామయ్య గ్లాసు కింద పెట్టాడు.

“ఇంకొక్క మాట. ‘పెట్టింది’ అన్నాడా, ‘పెట్టారు’ అన్నాడా?”

“ఏదైతేనేం?”

“మీ ఇంట్లో వంటావిడ పప్పులో ఉప్పెక్కువ వేసిందనుకోండి. ఇంటికొచ్చినవాళ్లతో ఏమంటారు? ‘మా వంటావిడ ఉప్పెక్కువ వేశారు’ అంటారా?”

“వేసింది అంటాను.” అన్నాక తనే ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది. “చూడండి మేడమ్, వ్యాకరణం చెప్పి ముద్దాయిని విడిపించాలంటే బడి పెట్టుకోండి. పది నిమిషాలిస్తాను. ఆమెతో మాట్లాడి మధ్యాహ్నం బస్సుకి బయల్దేరండి.”

* * *

స్టేషన్ వెనక గదిలో రహిమున్నీసా గోడకి చేరబడి కూర్చుని ఉంది. ఇరవై దాటాయో లేదో. ఒళ్లో ఏడాది నిండని మగపిల్లవాడు. నీళ్లు తాగని మనిషికి పాలేం వస్తాయి? వాడు పట్టడం, వదిలెయ్యడం, ఏడవడం. కనకలక్ష్మి బయటికెళ్లి కానిస్టేబుల్ చేత గ్లాసుడు పాలు, రెండు అరటిపళ్లు తెప్పించింది. ముందు తల్లి చేత తాగించి, తానూ నేలమీదే కూర్చుంది.

“బాబు పేరేంటమ్మా?”

“బాజీ.”

బాజీ తల్లి భుజం మీద తల వాల్చాడు. ఉంగరాల జుట్టు, ఒక్క ఎడమ చెవి పైన తప్ప. అక్కడ రెండు వేళ్ల మేర నున్నగా గీసేసి ఉంది. మధ్యలో చిన్న నల్ల మచ్చ.

“జుట్టెవరు తీశారు?”

రహిమున్నీసా కొంగు లాగి వాడి తల కప్పింది. “దర్గా మొక్కండి. తీయించాం.”

“మొక్కు జుట్టు ఒక్క చెవి పక్కే తీస్తారా?”

 కనకలక్ష్మి రెట్టించలేదు. పోయినేడు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు తన కూతురి తలమీద సరిగ్గా ఇక్కడే, ఇంతే గీశారు. పసివాళ్ల చేతికి నరం దొరక్కపోతే తలలో వెతికి సెలైన్ ఎక్కిస్తారు. ఆ మచ్చ మీద చెయ్యి వేసుకుని ఎన్ని రాత్రులు మేలుకుందో ఆమెకే తెలుసు.

“సారు మంచివాడేనా?” అంది మాట మార్చి.

ఆ ప్రశ్నకి రహిమున్నీసా కళ్లు నిండాయి. “నేనోరోజు అడిగానండి, కరెంటొస్తే మంచిదేగా, మీరెందుకు ఒద్దంటారని. పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాడు. ‘రహీమా, ఈ పొయ్యిలో కట్టె లాగేస్తే ఆరిపోద్ది. ఆ పొయ్యి ఆపినా లోపల ఉడుకుతానే ఉంటది. చల్లారేదాకా నీళ్లు పారిస్తానే ఉండాల. భూమి అదిరి ఆ నీళ్ల గొట్టం విరిగిందనుకో, ఇంక ఎవరి చేతిలోనూ ఉండదు. పోయినేడు రష్యాలో చూశాంగా, పేలితే ఊళ్లకూళ్లే ఖాళీ చేయించారు. నీ పిల్లోడు తాగే పాలు కూడా పనికిరాకుండా పోతయ్’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.”

“ఇక్కడ భూమి అదురుతుందా?”

“అరవై ఏడులో ఒంగోలు పక్క అదిరితే మా అమ్మ నన్ను సంకనేసుకుని వీధిలోకి ఉరికిందంట. భూమి చీలితే ఎట్టుంటదో నా కొంగు పట్టుకుని చూపించాడు సారు. ‘అంచు చీర చింపి, ఒక ముక్కని కిందకి జరుపు. అంచు అంచుతో కలవదు. భూమిలోనూ అంతే’ అన్నాడు.”

“శివరాత్రి నాడు బాబుకి సెలైన్ ఎక్కించింది ఎక్కడమ్మా? వినుకొండలోనా?”

రహిమున్నీసా కొంగు మళ్లీ బాబు తల మీదకి లాగింది.

“ఆ రోజు బస్సులన్నీ కోటప్పకొండ తిరునాళ్లకే తిప్పుతారు. ఎందులో వెళ్లావు?”

“అక్కా...” అంతవరకు ‘అండీ’ అన్న మనిషి ఒక్కసారి అక్కా అంది. “నేనే పెట్టాను మందు. అట్టాగే రాసుకోమనండి. బాబుని మా అమ్మకి ఇప్పించండి, చాలు.”

“ఏం మందు?”

“పత్తికి కొట్టేది.”

“మీ సి.ఐ. నాటుమందంటున్నాడే?”

“అదే... అదేనండి.”

“దేంట్లో కలిపావు?”

“కూరలో.”

“శివరాత్రి ఉపవాసముండే మనిషికి కూర వండావా?”

రహిమున్నీసా మొహం బాజీ వీపుకి ఆనించి దాచేసుకుంది. చెయ్యని నేరాన్ని ఇంత గట్టిగా మీదేసుకునే ఆడది ఎవరికోసం వేసుకుంటుంది? కనకలక్ష్మి లేచి నిలబడింది. జవాబు అప్పటికే సగం తెలిసింది. 

* * *

కందకం చుట్టూ పోలీసు తాడు. వాచ్‌మన్ బుడే, ఒకప్పుడు పత్తి చేలల్లో కూలికెళ్లిన ముసలాయన, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. జానకిరామయ్య కూడా వెంటబడి వచ్చాడు. బస్సెక్కేదాకా ఈవిడని వదిలిపెట్టేది లేదని ఆయన పట్టుదల.

కందకం పక్క చేలో కళ్లం. ఎండబెట్టిన మిరపకాయలు కాళ్లకింద ఎర్రగా పరుచుకున్నాయి. ఒక ముసలమ్మ చేటలోకి కాయలు తీసి, రాళ్లేరి పారేస్తూ తిడుతోంది.

“ఏంటమ్మా, అన్ని రాళ్లు?”

“ఏం చెప్పమంటావు తల్లీ! తిరునాళ్లకెళ్లొచ్చేసరికి కళ్లమంతా రాళ్లు, మట్టి. ఈ సరుకు మిర్చి యార్డుకి తోలితే నా మొహాన కొడతారు. ఏ ముండాకొడుకు విసిరాడో!”

కనకలక్ష్మి ఒక రాయి ఏరింది. తెల్లటి గులకరాయి, ఒక పక్కన నల్లగా మసి. కళ్లం నుంచి కందకం దాకా చూసింది. ఎంత బలంగా విసిరినా మనిషి చెయ్యి ఇంత దూరం రాయి వెయ్యలేదు.

“సి.ఐ. గారూ, గోడ కూలితే రాళ్లెటు పడతాయి?”

“ఎటేంటి, కిందకి. కందకంలోకి.”

“మరివి పైకి లేచి మిరపకాయల మీదెందుకు పడ్డాయి?”

ఆయన రాయి తీసుకుని తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

“బుడే తాతా, నువ్వేం విన్నావో మొదట్నుంచి చెప్పు.”

“వినేదేముందమ్మా? భూమి ఒకసారి అదిరింది. రోజూ అదిరేదేగా, ఆ పక్క క్వారీ ఉంటే. పట్టించుకోలా. కాసేపటికి మూలుగు వినపడితే పరిగెత్తా.”

“శివరాత్రి నాడు క్వారీ ఉందా?”

బుడే తల కొట్టుకున్నాడు. “లేదమ్మా... కొండ తిరునాళ్లని సెలవిచ్చారు. అయ్యో, నాకు తోచనేలేదే!”

“శేషాచలం గారు కందకంలో ఉన్నట్టు నీకు ముందే తెలుసా?”

“తెలిస్తే ఇంకేం! సారు కూడా కొండకి వెళ్లాడనే అనుకున్నా. జీపు లేదుగా షెడ్డులో. జీపు లేకపోతే సారు లేనట్టే లెక్క మాకందరికీ.”

అందరికీ. కనకలక్ష్మి ఆ మాట దగ్గర ఒక క్షణం కళ్లు మూసుకుంది. నిచ్చెన వేయించి కందకంలోకి దిగింది.

కూలిన మట్టిని సగం తోడి ఆయన్ని బయటికి తీశారు. దాని వెనక గోడ కొత్తగా తెరుచుకుని ఉంది. నల్లరేగడి కింద ఎర్రమట్టి, ఆ రెండింటి మధ్య తెల్ల గులకరాళ్ల వరస, చీర అంచులా సన్నగా, తిన్నగా. ఆ అంచు ఆమె భుజం ఎత్తున వచ్చి వచ్చి, ఒకచోట పుటుక్కున తెగింది. ఏటవాలుగా ఒక చీలిక. చీలిక అవతల అదే అంచు మోకాలి దగ్గర మొదలై ముందుకు సాగింది. అంచు అంచుతో కలవలేదు.

కమిటీకి కనపడకూడదని కూల్చారు. కూల్చాక ఇంకా బాగా కనపడుతోంది. ఆ చీలిక కేంద్రం కట్టబోయే దిక్కుకే తిరిగి ఉంది. మధ్యలో ప్రాణం ఒక్కటే పోయింది.

“శేషాచలం గారూ, దూలం ఆగదన్నారు. ఎవరూ వినలేదు” అంది మెల్లగా, ఎవరికీ వినపడకుండా.

గోడ అడుగున, కూలని భాగంలో, గుండ్రంగా ఒక కన్నం కనిపించింది. మోచెయ్యి దూరేంత. లోపల ఖాళీ. కన్నం మూతకి కూరిన బంకమట్టిని ఎవరో గోళ్లతో పెళ్లగించి తీశారు. ఆ మట్టి ఇంకా తడిగా ఉంది. కింద చెప్పుల్లేని పాదాల గుర్తులు, లోపలికి వచ్చినవి, తిరిగి వెళ్లినవి. ఈ తెల్లవారుజామువే.

“బుడే తాతా, సారు ‘మందు పెట్టారు’ అని ఇంకేమైనా అన్నాడా? చెయ్యి ఊపాడా?”

“మాట పెగల్లేదమ్మా. రెండు వేళ్లు చూపించాడు, ఇట్టా. నన్ను తోసేశాడు. ఇద్దరు చంపారని చెప్తున్నాడనుకున్నా.”

“నిన్ను దూరంగా పొమ్మన్నాడు తాతా. ఇంకోటి ఉందన్నాడు.” కనకలక్ష్మి కన్నం మీద చెయ్యి పెట్టింది. “క్వారీలో రాయిని పగలగొట్టడానికి ఇలాంటి కన్నం వేసి లోపల కూరతారే, దాన్నేమంటారు?”

“జిలెటినా? మేమా పేర్లెక్కడ పలుకుతాం? మందే అంటాం. మందు పెట్టారు, తప్పుకో...” బుడే మాట మధ్యలో తెగింది. తలగుడ్డ చేతిలోంచి జారిపోయింది. “అల్లా! ప్రాణం పోతా నన్ను తప్పుకోమన్నాడా?”

పైన గట్టు మీద జానకిరామయ్య కదలకుండా నిలబడ్డాడు. ఆయనది రేపల్లె పక్క పల్లెటూరు. అక్కడ మందంటే చేలో కొట్టేది, లేకపోతే సీసాలోది, లేకపోతే అన్నంలో కలిపేది. రాతిలో కూరే మందు ఆయన ఊహలోకే రాలేదు.

“మీరు చెప్పేదే నిజమనుకుందాం,” అన్నాడు. “ఇది పైకి పొక్కితే ఏమవుతుందో తెలుసా? ప్లాంటు ఆగిపోద్ది. ఎన్ని వేలమందికి పనులొస్తాయని ఎదురుచూస్తున్నారో! ప్రమాదమనో, వంటమనిషనో రాస్తే అందరికీ మంచిది. పైనుంచి నాకు చెప్పింది కూడా అదే.”

“దూలం పుచ్చిందని చెప్పినవాణ్ణి చంపి, ఉయ్యాల కట్టేద్దామంటారు. అందులో పడుకునేది ఎవరి పిల్లలండీ? మీకు లేరా?”

ఆయన చూపు తిప్పుకున్నాడు. “ఇద్దరు” అన్నాడు.

“రెండో కన్నంలో మందు ఇప్పుడెవరి చేతిలోనో ఉంది సి.ఐ. గారూ. ముందు దాని సంగతి చూడండి.”

* * *

తిరిగి స్టేషన్‌కి వచ్చేసరికి పొద్దు వాలింది. జీపులో దారి పొడుగునా కనకలక్ష్మి లెక్క వేసుకుంటూనే వచ్చింది. ఒక్క మాటకి అర్థం విప్పితే రహిమున్నీసా బయటికొస్తుంది. అదే మాట ఖాజావలి మెడకి చుట్టుకుంటుంది. క్వారీలో మందు పెట్టే చెయ్యి ఈ ఊళ్లో అతనిదేనని బుడే చెప్పాడు.

వెనక గదిలోకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“రెండో కన్నం ఖాళీగా ఉంది రహీమా.”

రహిమున్నీసా ఏడవలేదు. ఏడుపు అయిపోయినట్టుంది. “సారు అన్న మాట బుడే తాత చెప్పినప్పుడే నాకు అర్థమైందక్కా. వీళ్లకి అర్థం కాలేదని అల్లాకి దణ్ణం పెట్టుకున్నా. మీరొక్కరే కనిపెట్టారు. మీరొక్కరే మర్చిపోండి.”

“మర్చిపోతే నీకు శిక్ష పడుతుందే, పిచ్చిదానా.”

“పడనీ. ఆయన మనిషిని చంపేవాడు కాదక్కా. గోడ కూల్చమంటే కూల్చాడు. లోపలెవరూ లేరనుకున్నాడు. జీపు లేదు కదా. పొద్దున్నే క్వారీ సామానుకెళ్లినోడికి ఇంట్లో బాజీ కళ్లు తేలేసిన సంగతి తెలీదు. నేను ఏడుస్తా పరిగెత్తితే సారే డ్రైవర్ తోమాని పిలిచి, ‘కొండకి తరవాత వెళ్తాలే, ముందు పిల్లోణ్ణి తీసుకుపో’ అన్నాడు.” గొంతు తగ్గించింది. “ఖూనీ చేశావని పట్టుకున్నా, జైలుకెళ్లినా ఎప్పటికో తిరిగొస్తాడు. కానీ ఆ జీపులో వెళ్లింది ఎవరో తెలిస్తే... ఆ మనిషి ఇంక మిగలడక్కా. అదొక్కటీ చెప్పకండి. మీకూ పిల్లలుంటారు.”

కనకలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. 

అంతలో బయట కేకలు. “ఒరేయ్, ఆగు! ఆగరా! ఏంట్రా అది చేతిలో?”

కనకలక్ష్మి ముందు గదిలోకి పరిగెత్తింది. వాకిట్లో ఎముకల గూడులాంటి మనిషి, కాళ్లకి చెప్పుల్లేవు, రెండు చేతుల్లో తువ్వాలు మూట, పసిపిల్లని ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా. కానిస్టేబుళ్లు గోడలకి అంటుకుపోయారు. జానకిరామయ్య చెయ్యి నడుం దగ్గరి పిస్తోలు మీదకి వెళ్లింది.

“ఎవరూ దగ్గరకి రాకండి” అన్నాడతను. నెమ్మదిగా నడిచొచ్చి మూటని బల్లమీద, ఖాళీ టీ గ్లాసు పక్కన దించాడు. “రెండోది పేలలేదు సార్. పిల్లలు ఆ గుంటలో ఆడుకుంటారని భయమేసి తీసేశా. నిప్పంటించే టోపీ ఊడదీశా, పేలదు. నేను ఖాజావలిని.”

అతను మూట మీంచి చెయ్యి తీశాడు.

“మా క్వారీ కాంట్రాక్టరు బుల్లయ్య గారు గోడ కూల్చమన్నారు, కమిటీ వచ్చేలోగా. తిరునాళ్ల రోజైతే మనుషులుండరన్నారు. నేను షెడ్డు చూశా సార్. జీపు లేదు. సారు కొండకి పోయాడని పెట్టా. మా వాడి తల మీద ఒట్టు, పైనుంచి ఒక కేకేస్తే పోయేది. వెయ్యలా.” చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “మాచర్ల పక్కనున్నా ఈ రెండ్రోజులు. మా ఆవిణ్ణి పట్టుకున్నారని నిన్న విన్నా. బుల్లయ్య గారి ముందైనా, కోర్టులోనైనా ఇదే చెప్తా. ఆమెని వదిలెయ్యండి.”

జానకిరామయ్య చెయ్యి పిస్తోలు మీంచి జారింది. బల్లమీది మూటకేసి, కనకలక్ష్మికేసి చూసి, కానిస్టేబుల్‌తో “ఆ తలుపు తియ్యండి” అన్నాడు. ఆ గొంతులో పొద్దుటి అధికారం లేదు.

రహిమున్నీసా బయటికి వచ్చింది. భర్తని చూసి నిలబడిపోయింది. అతను ఆమె మొహంలోకి చూడలేక తల దించుకున్నాడు. తల్లి భుజం మీంచి బాజీ నాన్నని గుర్తుపట్టి, నవ్వి, రెండు చేతులూ చాచి ముందుకి దూకాడు. కొంగు జారింది.

ఖాజావలి పిల్లవాణ్ణి అందుకుని గుండెకి హత్తుకున్నాడు. వాడి తల నిమిరాడు. నిమిరే చెయ్యి ఎడమ చెవి పైన ఆగింది.

“ఇదేంటే?” అన్నాడు. వేలితో ఆ నున్నటి చోట మళ్లీ తడిమాడు. “దర్గాకి మొక్కిన జుట్టు కదే. నేను లేకుండా ఎవరు గీశారు? ఎందుకు గీశారు?”

రహిమున్నీసా కనకలక్ష్మికేసి చూసింది. కనకలక్ష్మి నేలకేసి చూసింది.

“చెప్పవే. శివరాత్రి పొద్దున నేను వెళ్లేటప్పటికి బానే ఉంది కదా వీడి జుట్టు?”